కాంస్య విగ్రహం పోయించాలనుకుంటే: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను మట్టిలో నమూనా చేసి, దాన్ని ఫౌండ్రీలో (లోహం కరిగించి పోసే చోట) పోయించి ఇచ్చే పనిలో ఉన్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లు మూడు రకాలు. ఊళ్లో పెద్దాయన విగ్రహం పెట్టాలనుకునే కమిటీలు ఒకరు. చనిపోయిన అమ్మానాన్నల బస్ట్ (ఛాతీ వరకు ఉండే విగ్రహం) చేయించుకునే పిల్లలు ఇంకొకరు. ఫైనార్ట్స్ చదివి, తమ పనిని మొదటిసారి లోహంలో చూసుకోవాలనుకునే కుర్రాళ్లు మూడోవాళ్లు. కమిటీలైతే లోహం ధర దగ్గర గంటలు గంటలు బేరమాడతాయి గానీ, మట్టి నమూనా చూడటానికి రమ్మంటే ఐదు నిమిషాలు నిలబడి వెళ్లిపోతాయి. ఈ పేజీలో ఎక్కువ భాగం ఆ ఐదు నిమిషాల గురించే.

కిలో ఎంత పడుతుంది?

ఫోన్లోనే అంకె చెప్పేసేవాళ్లను అంత తొందరగా నమ్మకండి. కంచులో ఎక్కువ భాగం ఉండే రాగి ధర అంతర్జాతీయ మార్కెట్‌ను బట్టి రోజూ మారుతుంది. అందులో కలిపే తగరం రాగి కన్నా చాలా ఖరీదు. అందుకే కొటేషన్ ఒక్క మొత్తంగా కాకుండా విడివిడిగా అడగండి. మట్టి నమూనాకు ఎంత, మౌల్డుకు (అచ్చుకు), మైనానికి ఎంత (బొమ్మను ముందు మైనంలో తీసి, ఆ చోట్లో లోహం పోస్తారు, వివరం కింద ఉంది), పోతకు, ఫినిషింగ్‌కు ఎంత, తెచ్చి నిలబెట్టడానికి ఎంత అని రాయించుకోండి. జీఎస్టీ కలిపి చెబుతున్నారో, విడిగా వేస్తారో కూడా అప్పుడే తేల్చుకోండి.

కిలో లెక్కన ఒప్పుకుంటే విగ్రహం మందం పెరుగుతుంది. గుత్తకు ఇస్తే మందం తగ్గుతుంది. ఎవరినీ అనుమానించక్కర్లేదు, లెక్క అటు లాగుతుంది అంతే. అందుకే మందాన్ని కాగితం మీద పెట్టండి. నిలువెత్తు విగ్రహానికి సగటున 5 నుంచి 6 మిల్లీమీటర్లు, ఎక్కడా 4కి తగ్గకూడదు అని రాసుకుంటే చాలా గొడవలు పుట్టకముందే ఆగిపోతాయి. డబ్బు కూడా దశలవారీగా ఇవ్వండి. అడ్వాన్సు, మట్టి ఓకే అయ్యాక కొంత, మైనం చూశాక కొంత, పోత అయ్యాక కొంత, విగ్రహం దిగాక మిగతాది.

మా విగ్రహం ఎంత బరువు వస్తుందో ముందే తెలుస్తుందా?

దాదాపుగా తెలుస్తుంది. ఈ లోహం చదరపు మీటరు విస్తీర్ణానికి, మిల్లీమీటరు మందానికి సుమారు 8.8 కిలోలు తూగుతుంది. అంటే 5 మిల్లీమీటర్ల మందమైతే చదరపు మీటరుకు 44 కిలోలు. పంచె, ఉత్తరీయంతో నిలబడ్డ ఆరడుగుల మనిషికి మడతలన్నీ కలిపి మూడు చదరపు మీటర్ల దాకా వస్తుంది కాబట్టి 130 నుంచి 150 కిలోలు అనుకోవచ్చు. ఛాతీ వరకు ఉండే నిజ పరిమాణం బస్ట్ అయితే 25 నుంచి 35 కిలోల మధ్య ఉంటుంది.

ఎత్తు రెట్టింపు చేస్తే బరువు కూడా రెట్టింపు అవుతుందని చాలామంది అనుకుంటారు. బోలు విగ్రహానికి అదే మందం ఉంచినా నాలుగు రెట్లు అవుతుంది. "ఆరడుగులు ఎందుకన్నా, పన్నెండు చేసేద్దాం" అనే ముందు ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసుకోండి.

ఇంకో కిటుకు ఉంది. మైనం దశలో ఆ ముక్కలన్నీ తూకం వేయించండి. ఆ బరువును తొమ్మిదితో గుణిస్తే ఒకటి, కాస్త ఎక్కువగా పదితో గుణిస్తే ఒకటి, ఆ రెండింటి మధ్యలో కంచు బరువు ఉంటుంది. చివర్లో వేబ్రిడ్జి కాటా చీటీ చూసి ఆశ్చర్యపోయే పని ఉండదు.

నెల్లూరులోనో ఒంగోలులోనో పోయించలేమా? అంత దూరం ఎందుకు?

మన దగ్గర లోహం కరిగించే షెడ్లు ఉన్నాయి. పంపులకు గన్‌మెటల్ (ఒక రకం కంచు) బుష్‌లు, అల్యూమినియం సామాన్లు ఇసుకలో పోస్తారు. వాళ్ల పని తక్కువదేం కాదు. కానీ బుష్ బయట పోత గరుగ్గా ఉన్నా లేత్ మీద తిప్పి సాపు చేసుకోవచ్చు. ముఖాన్ని లేత్ మీద పెట్టలేం కదా. విగ్రహానికి మైనం పని తెలిసినవాళ్లు, పోశాక కంటి రెప్పను ఉలితో తీర్చేవాళ్లు కావాలి.

ఒంగోలు వైపు వాళ్లకు తెనాలి దగ్గర. అక్కడ విగ్రహాల పని తరాలుగా ఉంది. కోనసీమలో కొత్తపేట కూడా విగ్రహాలకు పేరున్న ఊరే. నెల్లూరు వాళ్లకు చెన్నై 175 కిలోమీటర్లే. దేవుడి పంచలోహ విగ్రహాలకైతే కుంభకోణం పక్కన స్వామిమలై. ఎక్కడికి వెళ్లినా ఆల్బమ్ చూసి వచ్చేయకండి. వాళ్లు పోసిన విగ్రహం ఒకటి ఐదారేళ్లుగా ఎండకూ వానకూ నిలబడి ఉన్నది ఎక్కడుందో అడిగి, వెళ్లి చూసి రండి.

మట్టి బొమ్మ కంచు బొమ్మ ఎలా అవుతుంది?

మట్టి బొమ్మ కంచుగా మారదు. మధ్యలో బొమ్మ రెండుసార్లు చేతులు మారుతుంది, ప్రతి మార్పులో ఏదో ఒకటి పోగొట్టుకునే ప్రమాదం ఉంటుంది.

ముందు ఇనుప కడ్డీలతో చట్రం కట్టి, దాని మీద బంకమట్టితో నమూనా చేస్తాం. అది ఓకే అయ్యాక దాని మీద సిలికాన్ రబ్బరు పూసి, ఆ రబ్బరు వంగిపోకుండా బయట పి.ఓ.పి.తోనో (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) ఫైబర్‌తోనో గట్టి తొడుగు వేస్తాం. ఈ రబ్బరు వేలిముద్రను కూడా పట్టేస్తుంది. మౌల్డు విప్పేటప్పుడు మట్టి చాలావరకు పాడైపోతుంది. ఇక అక్కడి నుంచి ఆ మట్టి బొమ్మ లేదు.

మౌల్డు లోపల కరిగిన మైనాన్ని కుంచెతో పూత పూతగా వేస్తారు. ఆ మైనం ఎంత మందమో రేపు కంచు అంత మందం. మైనం బయటికి తీశాక అతుకుల గీతలు, గాలి బుడగల గుంటలు వేడి చేసిన చిన్న కత్తితో సరిచేస్తారు. పెద్ద విగ్రహాన్ని మైనంలోనే ముక్కలుగా కోస్తారు. తల, మొండెం, చేతులు, పంచె కింది భాగం ఇలా. ప్రతి ముక్కకూ లోహం లోపలికి వెళ్లడానికి, గాలి బయటికి రావడానికి మైనంతోనే గొట్టాలు అతికిస్తారు. వాటినే రన్నర్లు, రైజర్లు అంటారు.

తర్వాత పి.ఓ.పి., ఇటుక పొడి కలిపిన ముద్దను మైనం లోపలా బయటా పోసి గట్టి దిమ్మ చేస్తారు. కొన్ని ఫౌండ్రీలు దీని బదులు సిరామిక్ షెల్ వాడతాయి. సిలికా ద్రావణంలో ముంచి, సన్నటి పొడి చల్లి, ఆరబెట్టి, మళ్లీ ముంచడం, ఇలా ఏడెనిమిది పూతలు వేస్తారు. ఇందులో వివరాలు ఇంకా బాగా వస్తాయి, ఖర్చూ ఎక్కువే. దిమ్మను బట్టీలో పెట్టి కాలిస్తే మైనం కారిపోతుంది, మిగిలింది మండిపోతుంది. 600 డిగ్రీల పైదాకా కాల్చి, మైనం వాసన పూర్తిగా పోయేవరకు ఉంచుతారు. ఆ ఖాళీలోకి 1,100 నుంచి 1,200 డిగ్రీల మధ్య ఉన్న కంచును పోస్తారు. శిల్పశాస్త్రాల్లో దీనికి మధూచ్ఛిష్ట విధానమని పేరు. మొహెంజొదారో నర్తకి బొమ్మ పోసింది కూడా ఈ మైనం పద్ధతిలోనే.

చల్లారాక దిమ్మ పగలగొట్టి, గొట్టాలు కోసేసి, ముక్కల్ని ఆర్గాన్ వెల్డింగ్‌తో కలిపి, అతుకు కనబడకుండా గ్రైండింగ్, ఉలి పని చేస్తారు. బయటివాళ్లు పోత గురించి అడుగుతారు గానీ, అది నిమిషాల్లో అయిపోతుంది. ఈ ఉలి పని వారాలు పడుతుంది.

రాజకీయ నాయకుల భారీ విగ్రహాలు చాలావరకు మైనం లేకుండా ఇసుక అచ్చుల్లో పలకలుగా పోస్తారు. 2024 జనవరి 19న విజయవాడలో ఆవిష్కరించిన 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం లాంటివి ఇంకో తరహా. వాటిలో భారం మోసేది లోపలి ఉక్కు చట్రం, కంచు పైతొడుగు. మన ఊరి తొమ్మిదడుగుల విగ్రహానికి ఆ లెక్కలు వర్తించవు.

మట్టి నమూనా చూడటానికి పిలుస్తారు. ఏం చూడాలి?

అన్నీ అక్కడే చూడాలి. మట్టిలో ముక్కును సరిచేయడానికి బొటనవేలు చాలు. మైనంలో అదే పనికి సగం రోజు. లోహంలో కోసి, వెల్డింగ్ చేసి, మళ్లీ రంగు వేయాలి, అప్పటికీ అతుకు తెలుస్తూనే ఉంటుంది. ఫౌండ్రీ ముఖాన్ని బాగు చేయదు. ఇచ్చినదాన్ని ఉన్నదున్నట్టు పోస్తుంది, తప్పుతో సహా.

పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి రండి. ట్యూబ్‌లైటు కింద బాగున్న ముఖం, నెత్తిన ఎండ పడితే కళ్లు గుంటల్లా కనిపించొచ్చు. విగ్రహం ఉండేది ఎండలోనే కదా. ముందు నుంచి మాత్రమే చూసి వెళ్లకండి. చెవి వెనక, మెడ, వీపు వైపు ఉత్తరీయం మడత కూడా చూడండి. ఆ మనిషితో కలిసి బతికినవాళ్లకు ముఖం కన్నా ముందు నిలబడే తీరు గుర్తుకొస్తుంది. ఒక కుటుంబం వచ్చినప్పుడు కొడుకులంతా ముక్కు, మీసం గురించి మాట్లాడుకుంటున్నారు. వాళ్ల అమ్మ మాత్రం "మీ నాయన ఎప్పుడన్నా ఇంత నిటారుగా నిలబడినాడా అబ్బాయ్?" అంది. ఎడమ భుజం అంగుళం కిందికి దించేసరికి మనిషి వచ్చేశాడు. తలను ముట్టుకోనే లేదు.

విగ్రహం ఎత్తైన దిమ్మె మీద నిలబడేదైతే మట్టిని కింద కూర్చుని చూడండి, లేదా నమూనానే పైకెత్తించమనండి. కింది నుంచి చూస్తే కాళ్లు పెద్దవిగా, తల చిన్నదిగా కనిపిస్తుంది. అనుభవమున్న శిల్పి తలను కొంచెం పెంచి, ముందుకు వంచి చేస్తాడు. నేల మీద చూసి "తల పెద్దదైంది సామీ" అని దాన్ని తగ్గించేయమనే కమిటీలే ఎక్కువ.

చిన్న నమూనాను పెద్దది చేయిస్తుంటే ఇంకా జాగ్రత్త. అడుగు బొమ్మలో ఒక మిల్లీమీటరు తేడా పదడుగుల విగ్రహంలో సెంటీమీటరు అవుతుంది. ఇప్పుడు త్రీడీ స్కాన్ చేసి థర్మకోల్‌ను మెషిన్ మీద కోయించి, పైన పల్చగా మట్టి పూసి చేస్తున్నారు. టైమ్ కలిసొస్తుంది, తప్పులేదు. కానీ ముఖం మాత్రం పూర్తి సైజులో చేత్తో మళ్లీ చేయించండి.

అందరూ ఓకే అన్నాక నాలుగు వైపులా ఫోటోలు తీసి, వాటి మీద కమిటీ వాళ్లందరి సంతకాలు తీసుకోండి. ఇది శిల్పి కోసం కాదు, మీకోసం. ఆవిష్కరణ రోజు "నేనప్పుడే చెప్పా" అనే పెద్దమనిషి ప్రతి ఊళ్లోనూ ఒకరుంటారు.

లోహం చల్లారేటప్పుడు కుంచించుకుంటుంది. మైనం, కంచు రెండూ కలిపి సుమారు 2 శాతం. కచ్చితంగా ఆరడుగులే కావాలంటే మట్టిలో అంగుళం పైన పెంచి చేయాలి. ఆ మాట మొదటే చెప్పండి.

ఎలాంటి ఫోటోలు ఇవ్వాలి?

ముందు నుంచి ఒకటి, రెండు పక్కల నుంచి రెండు. ఒకే వయసులో తీసినవి కావాలి. ముప్పై ఏళ్ల పెళ్లి ఫోటో, డెబ్బై ఏళ్ల పెన్షన్ కార్డు ఫోటో కలిపి ఇస్తే మధ్యలో ఎవరో మూడో మనిషి తయారవుతాడు. సెల్‌ఫోన్‌తో దగ్గర నుంచి తీసిన సెల్ఫీలు పనికిరావు. వాటిలో ముక్కు పెద్దదవుతుంది, చెవులు వెనక్కి పోతాయి. పక్క ఫోటో లేకపోతే, పోలికలున్న కొడుకునో తమ్ముడినో తీసుకురండి.

నెల్లూరు జిల్లాకు పేరిచ్చిన పొట్టి శ్రీరాములు గారి విగ్రహాలు చూడండి, ఊరికొక ముఖం. ఫోటోను చూసి చేసిన విగ్రహాన్ని చూసి ఇంకో విగ్రహం, దాన్ని చూసి మరొకటి చేసుకుంటూ పోతే అలాగే అవుతుంది. దొరికిన పాత ఫోటో దగ్గరికే మళ్లీ వెళ్లమని శిల్పితో చెప్పండి.

ఏ లోహం వాడతారు? ఇంట్లో ఉన్న ఇత్తడి బిందెలు, కంచు గంటలు ఇస్తే కరిగించి పోస్తారా?

విగ్రహాలకు ఎక్కువగా వాడేది 85-5-5-5. అంటే రాగి 85 శాతం, తగరం, జింకు, సీసం ఐదేసి శాతం. దీన్నే వ్యాపారంలో గన్‌మెటల్ అంటారు. సీసం లేని సిలికాన్ బ్రాంజ్ కూడా వాడతారు. దాంట్లో రాగి 95 శాతం దాకా ఉంటుంది, వెల్డింగ్ శుభ్రంగా అతుకుతుంది.

బిందెల సంగతి. ఊరంతా తలా ఒక చెంబు ఇచ్చి పెద్దాయన విగ్రహం పోయిద్దామనే ఆలోచన మంచిదే. కానీ ఇత్తడిలో జింకు ఎక్కువ. అది 907 డిగ్రీలకే మరిగి తెల్లటి పొగగా లేస్తుంది, పీల్చిన పనివాళ్లకు రాత్రికి చలిజ్వరం వస్తుంది. గంటల కంచులో తగరం 20 శాతం పైన ఉంటుంది, అది మోగడానికి బాగుంటుంది గానీ దెబ్బ తగిలితే పగులుతుంది. ఏ పాత్రలో ఏముందో తెలియకుండా అన్నీ ఒకే మూసలో (లోహం కరిగించే కుండ) వేస్తే రంగు ఒక్కోచోట ఒక్కోలా వస్తుంది. పాత్రలన్నీ తూకానికి అమ్మి, ఆ డబ్బుతో మంచి లోహపు దిమ్మలు కొనండి. ఊరివాళ్ల మనసు కోసం ఒక శుభ్రమైన రాగి చెంబును ముక్కలు చేసి మూసలో వేయమంటే ఏ ఫౌండ్రీ కాదనదు.

గుడికి పంచలోహ ఉత్సవ విగ్రహం కావాలి. అదీ ఇలాగేనా?

పద్ధతి అదే కుటుంబం, పని వేరు. ఉత్సవ మూర్తులు చాలావరకు ఘనంగా, లోపల బోలు లేకుండా పోస్తారు. రబ్బరు మౌల్డు ఉండదు. స్థపతి తేనెమైనం, గుగ్గిలం కలిపి నేరుగా మైనంలోనే మూర్తిని తీరుస్తాడు, తాళమానం కొలతల ప్రకారం. స్వామిమలైలో దాని మీద కావేరి ఒండ్రుమట్టి పూస్తారు. పోశాక మట్టి అచ్చు పగిలిపోతుంది కాబట్టి అలాంటిది ఇంకొకటి రాదు. ఎక్కువ భాగం రాగే. బంగారం, వెండి నామమాత్రంగా వేస్తారు, భక్తులు పోత సమయానికి వెళ్లి ఉంగరం ముక్క వేసి రావడం మామూలే. ఘన విగ్రహానికి బరువు లెక్క ఇంకా వేగంగా పెరుగుతుంది. అడుగు మూర్తికి రెండడుగుల మూర్తి ఎనిమిది రెట్లు తూగుతుంది. ఊరేగింపులో భుజాన మోసేవాళ్లను అడిగి ఎత్తు నిర్ణయించండి.

పాత విగ్రహం అరిగిపోయిందని కరిగించి కొత్తది పోయించాలనుకుంటే ఆగండి. వందేళ్లు దాటినవి 1972 పురావస్తు చట్టం పరిధిలోకి వస్తాయి. ఎండోమెంట్స్ వాళ్లను అడగకుండా ముట్టుకోవద్దు.

ఒంగోలు గిత్తను పోయించాలి. మనిషి విగ్రహం కన్నా తేలికా?

నాలుగు కాళ్లు కదా, సులువు అనుకుంటారు. కష్టమే. నిజ పరిమాణంలో రెండు మూడు వందల కిలోల ఒళ్లు నాలుగు సన్నటి కాళ్ల మీద నిలబడాలి. కాళ్లలో స్టెయిన్‌లెస్ స్టీల్ పైపు పెట్టి, మొండెంలోని చట్రానికి కలపాలి. నాలుగు గిట్టలూ ఒకే మట్టానికి వచ్చాయో లేదో వెల్డింగ్ అయ్యాకే తెలుస్తుంది, ఒకటి తేలితే మళ్లీ కోసి అతకాలి. గంగడోలు ఇంకో తలనొప్పి. పల్చగా, వెడల్పుగా వేలాడుతుంది కాబట్టి లోహం చివరిదాకా పారకముందే గడ్డకడుతుంది. దానికి రన్నర్లు ఎక్కువ పెట్టాలి. తోకను విడిగా గాల్లో వదలకుండా తొడకు ఆనించి చేయించండి, పిల్లలు పట్టుకుని ఊగుతారు.

గిత్త తెల్లగా ఉంటుంది కాబట్టి తెల్ల రంగు వేయమని అడుగుతారు. కంచు పోయించి తెల్ల పెయింట్ వేయడమెందుకు, సిమెంటుతో చేయించుకోవచ్చు కదా అని నా అభిప్రాయం.

ఫైబర్ చాలదా?

బడ్జెట్ లేకపోతే ఫైబరే మేలు, మొహమాటపడక్కర్లేదు. అది ఎండకు కొన్నేళ్లకు వెలిసి బీటలిస్తుంది, మళ్లీ రంగు వేయాలి. చౌక కంచు కన్నా మంచి ఫైబర్ నయం. మౌల్డు దాచిపెడితే డబ్బు సమకూరాక అదే మౌల్డు నుంచి కంచు పోయించుకోవచ్చు.

ఎన్నాళ్లు పడుతుంది? జయంతికి అందుతుందా?

ఆరడుగుల విగ్రహానికి మట్టి నుంచి దిమ్మె మీద నిలబెట్టేదాకా నాలుగు నుంచి ఆరు నెలలు పెట్టుకోండి. మన వైపు ఒక సంగతి మర్చిపోకూడదు. నెల్లూరు, ప్రకాశం, చెన్నైలకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల్లో. తుఫాను వారంలో అచ్చు దిమ్మలు ఆరవు. తడి మిగిలిన అచ్చులో 1,100 డిగ్రీల లోహం పోస్తే నీరు ఒక్కసారిగా ఆవిరై లోహం ఎగజిమ్ముతుంది, మనుషులు కాలిపోతారు. డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు గారి వర్ధంతికి విగ్రహం కావాలని సెప్టెంబరులో వచ్చేవాళ్లకు నేను వద్దనే చెబుతాను. ముహూర్తం కోసం ఫౌండ్రీని తొందరపెట్టకండి.

పోత పోసేటప్పుడు చూడొచ్చా?

తప్పకుండా వెళ్లండి. కాటన్ బట్టలు, పూర్తిగా కప్పే బూట్లు వేసుకోండి. నైలాన్ చీరలు, చెప్పులు వద్దు. మూసను బట్టీ నుంచి ఎత్తాక ఎవరితోనూ మాట్లాడించకండి. పైన తెట్టు పక్కకు తీస్తారు, లోహం నారింజ రంగులో అద్దంలా మెరుస్తుంది, అంచున పచ్చటి మంట ఆడుతుంది. పోయడం మొదలయ్యాక మధ్యలో ఆపకూడదు, ఆపితే అక్కడ అతుకు పడుతుంది. రైజర్ల నోట్లోకి లోహం పైకి ఉబికి వస్తే అచ్చు నిండినట్టు. పనివాళ్లు అప్పటిదాకా నవ్వరు.

మోసపోకుండా ఎలా తెలుసుకోవాలి?

అయస్కాంతం పెట్టి చూడటం అందరికీ తెలుసు. అంటుకుంటే ఇనుముందని అర్థం. అంటుకోకపోతే కంచే అని కాదు, ఇత్తడికీ అంటదు, ఫైబర్‌కూ అంటదు. కచ్చితంగా తెలియాలంటే పోసేటప్పుడే చిన్న ముక్క అడిగి తీసుకుని ల్యాబులో స్పెక్ట్రో పరీక్ష (ఏ లోహం ఎంత శాతమో చెప్పేది) చేయించండి. విగ్రహాన్ని కోయకుండా ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్‌తో (ఎక్స్‌రేలతో లోహాన్ని గుర్తించే పరికరం) కూడా చూస్తారు, అది పైపొరనే చదువుతుంది కాబట్టి రంగు వేయకముందే పట్టించాలి.

లోహం మంచిదైనా పని చెడి ఉండొచ్చు. రంగు వేయకముందు ఒకరోజు వెళ్లండి, ఇది ముఖ్యం. పోతలో గుంటలు పడటం మామూలే. వాటిని అదే లోహపు రాడ్‌తో వెల్డింగ్ చేసి పూడ్చాలి. కొందరు కారు రిపేర్లకు వాడే పుట్టీ పెట్టి, పైన పెయింట్ కొట్టేస్తారు. నాణెంతో తట్టుకుంటూ పోండి, పుట్టీ ఉన్నచోట మోత మొద్దుబారుతుంది. రంగు వేశాక అనుమానమొస్తే, కాళ్ల వెనక కనబడని చోట థిన్నర్ ముంచిన తెల్ల గుడ్డతో రుద్దండి. గోధుమ రంగు గుడ్డకు దిగితే అది పెయింట్. రసాయనంతో తెచ్చిన రంగు లోహంలోనే ఉంటుంది, గుడ్డకు రాదు.

సన్నటి భాగాలు చేత్తో పట్టుకుని చూడండి. గాంధీ గారి చేతికర్ర, కళ్లజోడు కాడలు, చాచిన చూపుడువేలు. మొదట విరిగేవి ఇవే. కర్రలో స్టెయిన్‌లెస్ స్టీల్ రాడ్ ఉందా, అది కిందికి దిగి దిమ్మెలోకి వెళ్తుందా అని అడగండి. కళ్లజోడు విడిగా పోసి చెవి దగ్గర, ముక్కు దగ్గర వెల్డింగ్ చేస్తారు, కదిపితే కదలకూడదు.

రంగు ఎలా వస్తుంది? మాకు బంగారంలా మెరవాలి.

విగ్రహాన్ని గ్యాస్ మంటతో వేడి చేస్తూ రసాయనాలు చల్లుతారు. ఫెర్రిక్ నైట్రేట్‌తో గోధుమ, ఎరుపు ఛాయలు, కాపర్ నైట్రేట్‌తో ఆకుపచ్చ, గంధకం కలిసిన రసాయనంతో నలుపు వస్తాయి. వేడి మీదే మైనం పూస్తారు. దీన్ని పటీనా అంటారు. మెరుపు కావాలంటే బఫింగ్ చేసి లక్క పూత వేయొచ్చు, కానీ ఆరుబయట ఏడాది రెండేళ్లకే మచ్చలు పడుతుంది. ముదురు గోధుమ రంగు మన దుమ్ముకూ, ఎండకూ బాగా నిలుస్తుంది.

మాది సముద్రం పక్క ఊరు. ఉప్పుగాలికి తట్టుకుంటుందా?

తట్టుకుంటుంది. చెన్నై మెరీనాలో శ్రామికుల విగ్రహం 1959 నుంచి ఉప్పుగాలిలోనే ఉంది. దేవీప్రసాద్ రాయ్‌చౌదరి గారి పని అది, వెళ్లినప్పుడు దగ్గర నుంచి చూడండి. అయితే మైపాడు, కొత్తపట్నం లాంటి చోట్ల ఏడాదికి రెండుసార్లు మంచినీళ్లతో కడిగి మైనం పట్టించాలి. ఎక్కడైనా లేత ఆకుపచ్చ పొడి రాలుతూ, కింద గుంట పడుతుంటే అది ఉప్పు తెచ్చిన జబ్బు. తుడిచేసి ఊరుకోకుండా శిల్పికి చూపించండి.

దిమ్మె ఎలా కట్టాలి?

కాంక్రీటు దిమ్మెకు చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ పలకలు. ఇంట్లో ఉన్న రాయిని వదిలి దూరం వెళ్లక్కర్లేదు. బోల్టులు మాత్రం స్టెయిన్‌లెస్, సముద్రం దగ్గరైతే 316 రకం. మామూలు ఇనుప బోల్టు కంచుకు తగిలి ఉంటే తడిలో ఇనుము వేగంగా తినేసుకుపోతుంది, తుప్పు మరక గ్రానైట్ మీదికి కారుతుంది. విగ్రహం అడుగున నీళ్లు పోవడానికి చిన్న రంధ్రాలు ఉన్నాయో చూసుకోండి. బోల్టుల కొలత ఫౌండ్రీ నుంచి అట్ట మీద గీయించి తెచ్చాకే కాంక్రీటు వేయండి.

అనుమతులు?

2013 జనవరి 18న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం రోడ్లు, ఫుట్‌పాత్‌లు, ప్రజల రాకపోకలకు వాడే స్థలాల్లో కొత్త విగ్రహాలకు ప్రభుత్వాలు అనుమతి ఇవ్వకూడదు. సెంటర్లో పెట్టాలనుకునేవాళ్లు అడ్వాన్సు ఇచ్చాక ఈ సంగతి తెలుసుకుని నా దగ్గర కూర్చుని బాధపడతారు. బడి ఆవరణ, సొంత స్థలం, ట్రస్టు స్థలం చూసుకోండి. అక్కడ కూడా పంచాయతీతోనో మున్సిపాలిటీతోనో రాతపూర్వకంగా తేల్చుకున్నాకే మట్టి కలపమనండి.

మౌల్డు ఎవరిది? ఇంకో ఊరికి అదే విగ్రహం పోయించుకోవచ్చా?

మౌల్డు ఎవరి దగ్గర ఉండాలో ఒప్పందంలో రాసుకోండి, రాయకపోతే గొడవే. మౌల్డు మీ దగ్గరున్నా నకళ్లు తీసే హక్కు మీకు వచ్చినట్టు కాదు. 1957 కాపీరైట్ చట్టంలో శిల్పం కళాకృతి. హక్కు శిల్పి జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. రాసిస్తేనే బదిలీ అవుతుంది. పక్క ఊళ్లో విగ్రహానికి రాత్రికి రాత్రి రబ్బరు పూసి అచ్చు తీసుకురావడం కూడా నేరమే. బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న విగ్రహాన్ని ఫోటో తీసుకోవడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.

కుర్రాళ్లకు ఒక మాట. ఒకే మౌల్డు నుంచి ఎన్ని పోయిస్తారో మొదటే నిర్ణయించుకుని, ప్రతిదాని మీద 1/8, 2/8 (ఎనిమిదిలో మొదటిది, రెండోది) అని మైనంలోనే చెక్కండి. ఫ్రాన్సులో 12 వరకు అసలు కృతులుగానే లెక్కిస్తారు. కొనేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న అదే.

తీసుకురావడం ఎలా?

వెల్లకిలా పడుకోబెట్టి, పాత టైర్ల మీద, ఇసుక బస్తాల మధ్య. తడి గడ్డి, పాలిథిన్ చుట్టకండి, లోపల చెమ్మ పట్టి రంగు మీద మచ్చలొస్తాయి. పాత దుప్పట్లు చాలు. తాళ్లు మెడకో చేతికో వేయనివ్వకండి, ఎత్తేటప్పుడు నడుము చుట్టూ వెడల్పాటి బెల్టు వేయాలి. సరుకు విలువ రూ. 50,000 దాటుతుంది కాబట్టి ఈ-వే బిల్లు ఉండాలి.

విగ్రహాన్ని ఎలా శుభ్రం చేయాలి?

చింతపండు పెట్టి తోమకండి. ఆవిష్కరణ అయిన ఏడాదికి, జయంతి ముందురోజు ఎవరో ఒకరు భక్తితో బిందెలు తోమినట్టు తోమేస్తారు. పులుపుకు పటీనా మొత్తం లేచిపోయి ముఖం మీద ఎర్రటి రాగి చారలు తేలతాయి. చింతపండును చేపల పులుసుకు ఉంచి, దీనికి బకెట్ నీళ్లు, కొంచెం షాంపూ, మెత్తటి బ్రష్ వాడండి. పాలాభిషేకం, పసుపు కుంకుమలు అయ్యాక అదే రోజు కడిగేయాలి, పాలు పులిస్తే మరక పడుతుంది. పావురాల రెట్ట ఎండకముందే తీయాలి. పూలదండల ఇనుప తీగ మెడను గీస్తుంది, దారంతో కట్టినవి వేయండి.

ఏడాదికొకసారి ఆరిన విగ్రహానికి మెత్తటి గుడ్డతో రంగులేని మైనం పల్చగా పట్టించి, అరగంట తర్వాత పొడి గుడ్డతో రుద్దండి. వేసవిలో ఈ పని పొద్దున ఏడులోపే చేయాలి. పది దాటితే విగ్రహం చెయ్యి పెట్టలేనంత కాలుతుంది.